మెదడు కణంలో చెత్త లెక్క తేల్చేవాళ్లు కావలెను!

ఫోన్‌లో స్టోరేజ్ నిండిందని మెసేజ్ వస్తే ఏం చేస్తారు? పాత వీడియోలు, కాలేజీ గ్రూపులో వచ్చిపడ్డ ఫార్వర్డ్‌లు డిలీట్ చేస్తారు. అప్పటికీ కుదరకపోతే ఇంట్లో బతిమాలి కొత్త ఫోన్ కొనిపించుకుంటారు. మన ఒంట్లో చాలా కణాలకు ఈ రెండు దారులూ ఉన్నాయి. చర్మం, పేగు లోపలి పొర, రక్తం... పాత కణం పోతుంది, దాని చోట కొత్తది వస్తుంది. మెదడులోని నాడీకణానికి మాత్రం రెండో దారి లేదు. దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో అత్యధికం మనం పుట్టేనాటికే తయారై ఉంటాయి. అరవై ఏళ్లు వచ్చినా, ఎనభై ఏళ్లు వచ్చినా వాటితోనే నెట్టుకురావాలి. మామూలు కణం రెండుగా చీలితే లోపలి చెత్త కూడా రెండు వాటాలవుతుంది. చీలికే లేని నాడీకణానికి ఆ వెసులుబాటూ లేదు. డిలీట్ బటన్ ఒక్కటే దిక్కు.

ఆ బటన్ మొరాయించిన జబ్బుల పేర్లు మీరు వినే ఉంటారు. అల్జీమర్స్, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్. అన్నిటికీ అదొక్కటే కారణమని కాదు. కానీ ఈ మూడింటిలోనూ కణం తీసిపారేయాల్సిన ప్రోటీన్ తీసిపారేయకుండా పేరుకుపోవడం కనిపిస్తుంది. ఇదంతా బైపీసీ వాళ్ల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. నేను చదివిందీ ఇంజినీరింగే. ఈ రంగంలో ఇప్పుడు కొరత ఉన్నది జీవశాస్త్రం బట్టీ కొట్టినవాళ్లకు కాదు, 'ఎంత ఉంది, ఎంత ఉండాలి' అనే లెక్క సరిగా తేల్చగలిగేవాళ్లకు.

మోటర్ ఒక్కటే చూస్తే చాలదు

డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ అని ఇంటర్‌లో చదువుకున్నాం. అది తయారీ వైపు కథ. ఇంటి మీద ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో మోటర్ ఎంతసేపు తిరిగిందో చూసి చెప్పగలరా? కింద ఎన్ని కుళాయిలు తెరిచి ఉన్నాయో కూడా తెలియాలి కదా. కణంలో ప్రోటీన్ సంగతీ అంతే. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుక కణాల్లో వేల ప్రోటీన్లను, వాటి ఆర్‌ఎన్‌ఏలను ఒకేసారి కొలిచారు. ఏ ప్రోటీన్ ఎంత ఉందన్న తేడాల్లో ఆర్‌ఎన్‌ఏ మోతాదు చూసి చెప్పగలిగింది దాదాపు 40 శాతమే. ఆర్‌ఎన్‌ఏ సగానికి తగ్గడానికి మధ్యస్థంగా 9 గంటలు పడితే, ప్రోటీన్‌కు 46 గంటలు పట్టింది. మెదడులో కొన్ని ప్రోటీన్లు ఇంకా మొండివి. కణ కేంద్రకం గోడకుండే ద్వారాల్లోని కొన్ని ప్రోటీన్లు ఎలుక మెదడులో నెలల తరబడి మారకుండా ఉండిపోతాయని 2012లో తేలింది. బరువైన నైట్రోజన్ ఉన్న మేత పెట్టి ఎలుకలను పెంచి, తర్వాత మామూలు మేతకు మార్చి, పాత నైట్రోజన్ ఇంకా ఎక్కడ మిగిలిందో వెతికారు. ఎంత తెలివైన ప్రయోగమో చూడండి!

ఇక కుళాయి వైపు వద్దాం. ఇక్కడ ఒక తమాషా ఉంది. పప్పన్నం తింటే కడుపులో ప్రోటీన్ ముక్కలవడానికి బయటి శక్తి అక్కర్లేదు, ఎంజైములు కోసేస్తాయి. కానీ కణం లోపల పాత ప్రోటీన్‌ను విరగ్గొట్టడానికి ఏటీపీ ఖర్చవుతోందని 1950ల్లోనే గమనించారు. (ఏటీపీ అనగానే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని వేరుచేసిన వారిలో ఆయన ఒకరు.) కూల్చడానికి శక్తి దేనికి? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్లినవాళ్లు ఇజ్రాయెల్‌లోని టెక్నియన్‌కు చెందిన అవ్రామ్ హెర్ష్‌కో, ఆరన్ సీహనోవర్, అమెరికాలోని ఇర్విన్ రోజ్. ఎక్కువ పని 1970ల చివర, 80ల మొదట్లో జరిగింది. నోబెల్ వచ్చింది 2004లో.

వాళ్లు కనిపెట్టింది ఏమిటంటే, ఆ శక్తి ఖర్చయ్యేది ప్రధానంగా ఎంపిక కోసం. కూల్చాల్సిన కట్టడం గోడ మీద మున్సిపాలిటీ వాళ్లు ఎర్ర రంగుతో గుర్తు పెడతారు కదా, అలా తీసేయాల్సిన ప్రోటీన్‌కు కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను అతికిస్తుంది. అందులో ఉన్నవి 76 అమైనో ఆమ్లాలే. ఈ అతికింపు మూడు చేతులు మారి జరుగుతుంది: ఈ1, ఈ2, ఈ3. వీటిలో అసలు ఇన్‌స్పెక్టర్ ఈ3. ఏ ఇల్లు కూల్చాలో గుర్తుపట్టేది ఇదే. మనుషుల్లో ఆరు వందలకు పైగా ఈ3 రకాలున్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కో వీధి అన్నమాట. గుర్తులు నాలుగైనా గొలుసులా పడితే ప్రోటియాసోమ్ అనే పీపా లాంటి యంత్రం ఆ ప్రోటీన్‌ను లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది.

పీపాలోకి పట్టని పెద్ద ముద్దలుంటే? వాటిని సంచిలో మూటగట్టి లైసోసోమ్ దగ్గరికి పంపే పద్ధతి ఇంకోటుంది, ఆటోఫజీ. దాని జన్యువులను ఈస్ట్ కణాల్లో పట్టుకున్న జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం 2006 నాటిది. జపాన్‌లో రెండు బృందాలు విడివిడిగా ఎలుకల నాడీకణాల్లో మాత్రమే ఆటోఫజీని ఆపేశాయి. ఆ ఎలుకలకు ఏ జబ్బు జన్యువూ లేదు. చెడ్డ ప్రోటీన్ ఏదీ ఎక్కించలేదు. అయినా కణాల్లో ముద్దలు పేరుకున్నాయి, నడక తడబడింది, నాడీకణాలు చచ్చిపోయాయి. చెత్త బండి రాకపోవడమే జబ్బయింది.

ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసిన మచ్చలు, చిక్కుముడుల గురించి సభలో చెప్పినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ మచ్చలు అమిలాయిడ్ బీటావి, ముడులు టౌ ప్రోటీన్‌వి అని తర్వాత తేలింది. పార్కిన్సన్స్‌లో కనిపించే లూయీ ముద్దల్లో ప్రధానమైనది ఆల్ఫా సిన్యూక్లిన్. జన్యువులో అక్షరం తప్పితే ప్రోటీన్ వంకర తిరిగి పేరుకుంటుందని అందరూ అనుకునే మాట. నిజమే కానీ, అది ఒక దారి మాత్రమే.

2003లో ఒక అమెరికన్ కుటుంబం గురించిన పరిశోధన సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ ఇంట్లో తరతరాలుగా పార్కిన్సన్స్ వస్తోంది. ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువులో అక్షరం తప్పు ఒక్కటీ లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, వెరసి రెండు కాపీలు ఉండాల్సిన చోట నాలుగున్నాయి, అంతే. సరైన ప్రోటీనే, మోతాదే ఎక్కువ. డౌన్ సిండ్రోమ్‌లోనూ ఇదే లెక్క. అమిలాయిడ్‌కు మూలమైన ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ క్రోమోజోమ్ మూడు కాపీలు ఉన్నవాళ్లలో నలభై ఏళ్లు వచ్చేసరికే అల్జీమర్స్ తరహా మార్పులు మెదడులో కనిపిస్తాయి.

తక్కువైతే ఏమవుతుందో చెప్పే జన్యువు పేరు యూబీఈ3ఏ. ఇది పైన చెప్పిన ఇన్‌స్పెక్టర్ల జాబితాలోదే, ఒక ఈ3ని తయారుచేస్తుంది. దీనికో విచిత్రం ఉంది. నాడీకణాల్లో తల్లి నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేస్తుంది, తండ్రిది మౌనంగా ఉంటుంది. తల్లి కాపీ పోయిందంటే ఇక ఆ కణంలో ఆ ఇన్‌స్పెక్టర్ లేనట్టే. దాన్నే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఇంగ్లండ్ పిల్లల వైద్యుడు హ్యారీ ఏంజెల్‌మన్ 1965లో మొదట వివరించాడు, కారణమైన జన్యువు 1997లో దొరికింది. సుమారు 12,000 నుంచి 20,000 మందిలో ఒకరికి వస్తుంది. పిల్లలు తరచూ నవ్వుతూ కనిపిస్తారు, మాటలు దాదాపు రావు, నడక తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. అదే జన్యువున్న 15వ క్రోమోజోమ్ భాగం తల్లి వైపు నుంచి అదనంగా వస్తే ఆటిజం లక్షణాలు, మళ్లీ ఫిట్స్. ఇన్‌స్పెక్టర్ లేకపోయినా వీధి పాడవుతుంది, ఇద్దరు ముగ్గురు చేరినా పాడవుతుంది.

ఈ కథలో ఆశ పుట్టించే మలుపు ఒకటుంది. తండ్రి కాపీ చెడిపోలేదు, దాన్ని ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ నొక్కిపెట్టి ఉంచుతోంది. ఆ ఆర్‌ఎన్‌ఏను తొలగించే యాంటీసెన్స్ మందులు ఇప్పుడు మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి. ఇందులో కంప్యూటర్ పని ఎక్కడ అంటారా? ఆ మందు అంటే కొన్ని పదుల లోపు అక్షరాల వరుస. జీనోమ్‌లో ఇంకెక్కడా పొరపాటున అంటుకోకుండా సరైన చోటే అంటుకునే వరుసను వెతకాలి. స్ట్రింగ్ సెర్చ్ ప్రోగ్రామ్ రాసినవాళ్లకు ఈ సమస్య ఏమంత కొత్త కాదు.

హైదరాబాద్‌కు దీంతో ఏం సంబంధం?

చాలానే ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడోమైడ్ గురించి ఫార్మసీ విద్యార్థులు చదివే ఉంటారు. గర్భిణులు వేసుకుంటే వేల మంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961 చివర్లో వెనక్కి తీసుకున్నారు. అది శరీరంలో సెరిబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. సెరిబ్లాన్ ఒక ఈ3లో భాగం! థాలిడోమైడ్ చెల్లెలు లాంటి లెనలిడోమైడ్ కూడా ఇదే ఇన్‌స్పెక్టర్ చేయి పట్టుకుని, మామూలుగా వెళ్లని ఇంటికి తీసుకెళ్లి ఎర్ర గుర్తు వేయిస్తుంది. అలా మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు అవసరమైన ప్రోటీన్లు కూలిపోతాయి. హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా చేసిన లెనలిడోమైడ్ జనరిక్ 2022లో అమెరికా మార్కెట్‌కు వెళ్లింది.

ఈ ఆలోచననే పథకం ప్రకారం చేస్తే ప్రోటాక్. ఒక కొస చెడ్డ ప్రోటీన్‌ను, రెండో కొస ఈ3ని పట్టుకునే అణువు. 2001లో మొదటి ప్రయోగం వచ్చింది. ఉద్యోగ ప్రకటనల్లో 'టార్గెటెడ్ ప్రోటీన్ డిగ్రడేషన్' అని కనిపిస్తే ఇదే. సాయి లైఫ్ సైన్సెస్, ఆరాజెన్ లాంటి హైదరాబాద్ కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు ఈ కెమిస్ట్రీ సేవలు అందిస్తున్నాయి. సింథటిక్ ఆర్గానిక్ చదివిన ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ వాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే దారి. మెదడు విషయానికొచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. ఈ అణువులు మామూలు మందుల కంటే బాగా పెద్దవి, రక్తం నుంచి మెదడులోకి పోనివ్వని అడ్డుగోడను దాటడం కష్టం. ఏ అణువు దాటుతుందో ముందే అంచనా వేసే మోడళ్లు కావాలి. మెషీన్ లెర్నింగ్ వాళ్లకు ఇక్కడ చేతినిండా పని.

అయితే రంగులు పూసి చెప్పను. ఇది నిదానమైన రంగం. అల్జీమర్స్‌కు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అమిలాయిడ్‌ను బాగానే ఊడుస్తుంది. కానీ 18 నెలల పరీక్షలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది, ఆగలేదు. కొందరిలో మెదడు వాపు, రక్తస్రావం కనిపించాయి. ఇంకో సంగతి. అమిలాయిడ్ మీద 2006లో నేచర్‌లో వచ్చి వేలసార్లు ఉదహరించిన ఒక పరిశోధన పత్రాన్ని 2024లో వెనక్కి తీసుకున్నారు. అందులోని ప్రోటీన్ పట్టీల బొమ్మల్లో మార్పులు జరిగాయని తేలింది. దాన్ని బయటపెట్టింది కొత్త మైక్రోస్కోపు కాదు, బొమ్మలను ఓపిగ్గా పిక్సెల్ పిక్సెల్ చూసినవాళ్లు. ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలెక్టివ్ తీసుకుని 'దీనివల్ల ఏం ఉపయోగం' అని తలపట్టుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

డబ్బు మాట కూడా దాచిపెట్టడం ఎందుకు? సీఎస్‌ఐఆర్ నెట్ ద్వారా జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరే. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. మీతో చదివి ఐటీలో చేరినవాళ్లు అప్పటికి కారు కొనేసి ఉంటారు. ఇంట్లో అప్పు తీర్చాల్సి ఉంటే, ముందు డేటా ఉద్యోగంలో చేరి, ఫార్మా లేదా హెల్త్‌కేర్ ప్రాజెక్టుల వైపు జరిగి, తర్వాత పరిశోధనకు రావడం తప్పేమీ కాదు. నా దృష్టిలో మన ఇళ్ల పరిస్థితులకు అదే ఎక్కువ మందికి నప్పే దారి.

ఎక్కడ, ఎలా?

హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, సెంట్రల్ యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ విభాగంతో పాటు న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉన్నాయి. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్ కేంద్రం ఉంది, కోడింగ్ వదలకుండా జీవశాస్త్రంలోకి రావాలనుకునేవాళ్లకు అది చూడదగ్గది. బయటికి వెళ్తే హరియాణాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులో నిమ్‌హాన్స్, ఐఐఎస్సీ ఆవరణలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. ఈ చివరిది ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లోని కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో పెద్దవాళ్ల మెదడు ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ అధ్యయనం చేస్తోంది.

బీఎస్సీ వాళ్లకు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ కోసం గ్యాట్-బి, ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ. బీటెక్ వాళ్లు గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లతో పాటు 2024లో మొదలైన డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్‌నూ గమనించండి. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు నిర్ణీత మార్కులున్న బీటెక్ వాళ్లూ అర్హులేనన్న సంగతి చాలామందికి తెలియదు.

పరీక్షల కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. వేలకు వేలు కట్టించుకుని పది రోజుల్లో బయోఇన్ఫర్మేటిక్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల జోలికి వెళ్లకండి. స్వీడన్‌లో మొదలైన హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ వెబ్‌సైట్ తెరవండి. యూబీఈ3ఏ అని కొట్టండి. మెదడు భాగాల వారీగా ఆర్‌ఎన్‌ఏ ఎంత, ప్రోటీన్ ఎంత అన్న డేటా ఉచితంగా దిగుతుంది. ఒక వంద జన్యువులు తీసుకుని ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉన్నా ప్రోటీన్ తక్కువగా ఉన్నవి ఏవో పట్టుకోండి. పైన చెప్పిన ట్యాంకు లెక్క ఇదే. ఒక్క జాగ్రత్త. అక్కడ కణజాలానికి రంగు వేసి చూసిన ప్రోటీన్ స్థాయిని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, లేదు అనే నాలుగు మెట్లుగానే ఇస్తారు. దాని మీద మామూలు కోరిలేషన్ వేసేసి గ్రాఫ్ గీస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతారు, ర్యాంక్ కోరిలేషన్ వాడండి.

అలాగే ఆల్ఫాఫోల్డ్. దాని వెనకున్న డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు డేవిడ్ బేకర్‌తో కలిపి 2024లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ఇరవై కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకృతులు ఉచితంగా ఉన్నాయి. కానీ ఆల్ఫా సిన్యూక్లిన్ లాంటి స్థిరమైన రూపం లేని ప్రోటీన్ బొమ్మ చూసి అదే నిజమైన ఆకారమని రిపోర్టులో రాయకండి. ప్రతి ముక్కకూ ఇచ్చే నమ్మకం స్కోరు చదవండి. 50 కంటే తక్కువుంటే అక్కడ బొమ్మకు పెద్దగా అర్థం లేదు.

అల్జీమర్స్ రోగుల మెదడు డేటా దించుకుంటే ఇంకో ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఫలానా ప్రోటీన్ రోగుల్లో సగానికి తగ్గిందని మీ గ్రాఫ్ చూపిస్తుంది. నాడీకణంలో ఆ ప్రోటీన్ తగ్గిందా, లేక ఆ ముక్కలో నాడీకణాలే తగ్గిపోయి చుట్టూ ఉండే ఇతర కణాలు మిగిలాయా? రెండింటికీ గ్రాఫ్ ఒకేలా వస్తుంది. తేడా తేల్చాలంటే నాడీకణాల గుర్తింపు జన్యువులతో సరిచూడాలి, లేదా ఒక్కో కణాన్ని విడిగా కొలిచిన డేటా తీసుకోవాలి. దానికి పైథాన్‌లో స్కాన్‌పై, ఆర్‌లో స్యూరా అనే ఉచిత ప్యాకేజీలు ఉన్నాయి. ప్యాకేజీ పేరు రెజ్యూమెలో రాయడం కంటే, ఈ తేడాను మీ డేటాలో ఎలా సరిచూశారో రెండు వాక్యాల్లో రాస్తే ల్యాబ్ పెద్దలు ఆగి చదువుతారు.

ఆ రెండు వాక్యాలు, ఒక గ్రాఫ్ ఉన్న ఒకే పేజీ సిద్ధమైతే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేయండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు సైన్స్ అకాడమీలతో కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఇంజినీరింగ్ విద్యార్థులూ అర్హులే. ఎండాకాలం సెలవుల్లో చేసే పనికి దరఖాస్తులు చలికాలం ముందే అడుగుతారు, కాబట్టి సెమిస్టర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అని కూర్చుంటే గడువు దాటిపోతుంది.